సుద్దగీత దాకా

మొన్న మంగళవారం పొద్దున్న నేను సైటుకి బయల్దేరుతుంటే దానియేలు ఫోన్ చేశాడు. మా ల్యాబు తరఫున నేల పరీక్షకి బోర్లు వేసే ముఠాకి అతనే మేస్త్రి. మామూలుగా ఫోనులో అరుస్తాడు. ఆ రోజు అరవలేదు. "మేడమ్, మేష్టారు మరి లేరు. నిద్దట్లోనే ఎలిపోనారు," అన్నాడు. టిఫిన్ డబ్బా మూత చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

మా మేష్టారు మీలో చాలామందికి తెలియకపోవచ్చు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక శ్రీకాకుళంలో రెండు గదుల్లో మట్టి పరీక్షల ల్యాబు పెట్టారు. నరసన్నపేట నుంచి రాజాం దాకా ఎన్నో భవనాల కింద నేల ఎలాంటిదో ఆయన చెప్పాకే పునాదులు పడ్డాయి. కట్టినవాళ్లకి ఆయన తెలుసు, వాటిలో ఉంటున్నవాళ్లకి తెలీదు. పునాది పని అంతే, పూడ్చేశాక ఎవరూ చూడరు.

నాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. సివిల్ డిప్లొమా చేతబట్టుకుని తిరిగితే ఆడపిల్లకి సైటు పనేమిటని అందరూ పంపేశారు. మేష్టారు మాత్రం, "బోరు నువ్వు తవ్వక్కర్లేదు, లెక్కెట్టాల. లెక్కెట్టడానికి మీసాలెందుకు?" అని పనిలో పెట్టుకున్నారు.

మాస్టరీ మానేసినా ఆయన చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది, జేబు ఎప్పుడూ తెల్లగానే. ఏ సైటుకెళ్లినా ముందు చెప్పులు విప్పి, గుప్పెడు మట్టి తీసి, నాలుగు చుక్కలు నీళ్లు చల్లి పిసికేవారు. గుప్పిట విప్పగానే విడిపోతే ఇసుక, వేళ్ల గుర్తులతో ముద్దగా నిలిస్తే పట్టున్న బంకమట్టి. "ముందు నేలని పలకరించాల. మిషను తరవాత," అనేవారు. ఆదివారం చర్చిలో డోలక్ ఆయనదే. ఆ చెవే ఒకసారి నా తప్పు పట్టుకుంది.

మా పనిలో ముఖ్యమైనది దెబ్బల లెక్క. బోరులోకి గొట్టం దించి, దాని మీద అరవై మూడున్నర కిలోల ఇనప దిమ్మని ముప్పావు మీటరు ఎత్తు నుంచి వదులుతారు. గొట్టం అడుగు లోతు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకోవాలి. ఎక్కువ పడితే గట్టి నేల, తక్కువ పడితే మెత్తనిది. దిమ్మని తాడుతో లాగి ఎత్తేది మనుషులే.

రాష్ట్రం విడిపోయిన ఏడాది వేసవిలో నాగావళి ఒడ్డున ఆడపిల్లల హాస్టలుకి నేల పరీక్ష చేశాం. ఎండ మాడ్చేస్తోంది. నేను దూరంగా వేపచెట్టు నీడలో కూర్చుని, దానియేలు అరిచిన అంకెలు రాసుకున్నాను. రిపోర్టు ఇచ్చేశాం. ఓనరు పునాదులకి గుంతలు కూడా మొదలెట్టించాడు.

స్థలం రెండో మూల ఇంకో బోరు కావాలంటే ఈసారి మేష్టారు కూడా వచ్చారు. బోరు వైపు వీపు పెట్టి కూర్చుని టీ తాగుతున్నారు. దిమ్మ చప్పుడుకి కుర్చీ చేతి మీద తాళం వేస్తున్న వేళ్లు ఉన్నట్టుండి ఆగాయి.

"దానియేలూ, ఆపు. దిమ్మ సగం నించే పడతన్నాది."

"ఎండ మేష్టారూ. కుర్రోళ్లు లాగలేకపోతన్నారు."

"లాగలేకపోతే కూకోండి, నీళ్లు తాగండి. సగం ఎత్తితే దెబ్బలు పెరిగిపోతాయి. మెత్త నేలని కాయితం గట్టిదనేస్తాది." అప్పుడు నా వైపు తిరిగారు. "మొన్న ఎంత ఎత్తు నించి ఏసేరమ్మా?"

సరిగ్గానే వేశారని చెప్పేద్దామనుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం. కానీ ఆ కళ్లలోకి చూస్తూ అనలేకపోయాను. "నేను చూడలేదు మేష్టారూ. నీడలో కూర్చున్నాను," అన్నాను.

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, దిమ్మ నడిచే కడ్డీ మీద ముప్పావు మీటరు దగ్గర గీత గీశారు. పాత బోరు పక్కనే కొత్త బోరు వేయించారు. గీత దాకా ఎత్తి వదిలితే, నేను పందొమ్మిది రాసినచోట ఎనిమిదే పడ్డాయి.

అప్పటికప్పుడే ఓనరు దగ్గరికి తీసుకెళ్లారు. భూమి కంపిస్తే ఈ తడి ఇసుక నిలవదనీ, గుంతలు ఆపి, కింద గట్టి పొర దాకా పైల్స్, అంటే కాంక్రీటు స్తంభాలు, దించాలనీ చెప్పారు. ఓనరు మొహం మాడ్చుకున్నాడు. "భూకంపం మన కాడికేటి వస్తాది మేష్టారూ? మా తాత కూడా సూళ్లేదు."

మేష్టారు వాదించలేదు. ఒక బకెట్లో ఏటి ఇసుక పోయించి, పైదాకా నీళ్లు నింపించి, మీద ఇటుక నిలబెట్టారు. "గట్టిగుంది కదా?" అని, కర్రతో బకెట్టు పక్కన టకటకా కొట్టసాగారు. ఇసుక మీదకి నీళ్లు ఊరాయి. ఇటుక ఒక పక్కకి ఒరిగి, మెల్లగా దిగబడిపోయింది.

"వస్తాదో రాదో నాకు తెలీదు బాబూ. వస్తే మాత్రం ఇసక మన మాట ఇనదు. లోపల పడుకునేది ఆడపిల్లలు."

ఓనరు వంగి ఆ ఇటుకని పైకి లాగాడు. "మరి తప్పెవరిది?" అన్నాడు.

"లెక్క మా పిల్ల రాసింది. సంతకం నాది. తప్పు సంతకానిదే."

నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను తిట్టి ఉంటే అంత ఏడుపు వచ్చేది కాదు. తిరుగు బస్సులో ఆయన అన్నది ఒక్కటే మాట. "రేపట్నించి గొడుగు తెచ్చుకో. నీడకి మాత్రం ఎల్లకు."

హాస్టలు పైల్స్ మీదే లేచింది. కొన్నేళ్లకి ఒక మధ్యాహ్నం మా వైపు నేల కాస్త కదిలింది. గిన్నెలు మోగాయి, జనం రోడ్ల మీదకి వచ్చారు. మేష్టారు నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "హాస్టల్లో పిల్లలు దిగేరా?" ఇద్దరం వెళ్లి చూశాం. ఎక్కడా చిన్న బీట కూడా లేదు. నేను పొంగిపోతుంటే ఆపేశారు. "ఇది సిన్న కుదుపమ్మా. దీనికి పాత పునాదైనా ఆగును. మన పరీచ్చ ఇంకా అవలేదు."

మొన్న మేష్టారి సమాధి గొయ్యి దానియేలు ఇంకెవరినీ తవ్వనివ్వలేదు. తనూ, తన కుర్రాళ్లే తవ్వారు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక అందరూ తలో గుప్పెడు మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చింది. మట్టి తీసుకున్నాను. రాత్రి కురిసిన వానకి తడిగా ఉంది. నాకు తెలియకుండానే పిసికాను.

వెనక వరస ఆగిపోయింది. పార పట్టుకుని పక్కనే ఉన్న దానియేలు వంగి, నెమ్మదిగా అడిగాడు. "ఏటి మేడమ్, ఎలగున్నాది?"

గుప్పిట విప్పాను. ముద్ద విడిపోలేదు. నా నాలుగు వేళ్ల గుర్తులూ దాని మీద ఉన్నాయి.

"మంచి నేలే దానియేలూ," అన్నాను. ఆ ముద్దని అలాగే ఆయన మీదకి వదిలాను.