లెక్కల పీరియడ్ మీద నా సంతకం

ఆ రోజుల్లో నన్ను చదువుకున్నవాడిగా చూపించే వస్తువు ఒక్కటే ఉండేది, నా సంతకం. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసిన రోజున మా లెక్కల సారు ఆపే ప్రయత్నమేమీ చేయలేదు. పైగా దారిలో మనసు మార్చుకుంటానేమోనని గేటు దాకా వచ్చి సాగనంపారు. (అంత మర్యాద ఆ బడిలో ఇంకెవరికీ దక్కలేదు.) తర్వాత కామారెడ్డిలో బండ్ల మెకానిక్ దగ్గర పనికి చేరి, ఆయిలు చేతులతోనే పాత కాగితాల వెనక సంతకం సాధన చేశాను. మొదటి అక్షరం కింద పొడుగాటి తోక, చివర రెండు చుక్కలు, మధ్యలో ఏముందో రాసిన నాకే తెలియదు. అచ్చం డాక్టరు సంతకంలా ఉందని మా ఉస్తాద్ మెచ్చుకున్నాడు. ఆ సంతకమే కొన్నేళ్ల కింద ఎల్లారెడ్డిలో నలుగురి ముందు నా పరువు తీసింది.

మా అక్క వాళ్లది ఎల్లారెడ్డి. బావ దుబాయిలో ఉంటాడు, అక్కకేమో నలుగురిలో గొంతు పెగలదు. అందుకే మా మేనకోడలి బడిలో తల్లిదండ్రుల సమావేశమంటే కబురు నాకు వచ్చేది. అప్పుడు ఆ పిల్ల సర్కారు బడిలో పదో తరగతి. పది కాగానే పాలిటెక్నిక్ పరీక్ష రాయాలని దాని పట్టుదల. ఒకరోజు ఫోన్ చేసి, "మామా, వార్షికోత్సవానికని చివరి రెండు పీరియడ్లు డాన్సు ప్రాక్టీసే అయితుంది. గవి లెక్కలవి. పదిహేను రోజుల సంది సారు బోర్డు ముట్టలే. నువ్వొచ్చి గట్టిగ అడుగు" అంది. గట్టిగా అడగడం నాకు బడి నేర్పకుండానే వచ్చిన విద్య. బస్సులో కూర్చున్నంతసేపూ కోపం కాగుతూనే ఉంది. భిన్నాలు నాకు అర్థం కాకపోతే ఎవరూ పట్టించుకోలేదు సరే, అర్థమయ్యే పిల్లకు కూడా చెప్పరా? వార్షికోత్సవం ఒక్కపూట. పరీక్ష తప్పితే ఆ పిల్ల బతుకంతా నాలా ఇంకొకరి బండి కింద పడుకోవాల్సిందేనా?

బడి వరండాలో అటెండర్ రిజిస్టర్ పట్టుకుని నిలబడ్డాడు. మా దిక్కు ఏ సమావేశమైనా సంతకాలు ముందే తీసుకుంటారు, సమోసాలు అయిపోయాక మనుషులు దొరకరు కాబట్టి. నా ముందు బీడీలు చుట్టే ఒక అవ్వ ఉంది, ఆమె మనుమరాలిదీ మా పిల్ల తరగతే. అటెండర్ సిరా డబ్బా తెరిస్తే అవ్వ వేలు పిడికిట్లో దాచుకుని, "ముందుగాల అందుల ఏం రాసిండ్రో సదివి చెప్పు బిడ్డా, అటెన్క ముద్రేస్త" అంది. అతను హాజరే అవ్వా అని నసిగాడు. వెనక నిలబడ్డ నాకు తొందర. "ఏందవ్వా, నీ ఆస్తి రాయించుకుంటున్నరా? జర జరుగు" అన్నాను. వరుసంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. పక్కకు జరిగింది కానీ వేలు మాత్రం ఇవ్వలేదు. నేను తోకా చుక్కలూ పెట్టి, దర్జాగా పోయి ముందు కుర్చీలో కూర్చున్నాను.

పెద్దసారు మొదలుపెట్టారు. పొద్దున లేస్తే ప్రైవేటు బడుల బస్సులు ఊళ్లోకి వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయట, మన పిల్లలు స్టేజీ మీద మెరిస్తేనే వచ్చే ఏడు నాలుగు పేర్లు ఎక్కువ రాసుకుంటారట. టిఫిన్ హోటలు నడిపే ఒక అన్న లేచి సై అన్నాడు. ఆయన బాధ ఆయనది. "మా పోరనికి లెక్కలల్ల ఎప్పుడు సున్ననే. స్టేజి మీదనన్న నా కొడుకని నల్గురు అనుకోవాలె గద" అన్నాడు. అక్కడ నాకు తిక్క లేచింది. సున్నా వస్తే నేర్పాలి గానీ గజ్జెలు కడతారా అన్నాను. తల్లిదండ్రులు అడగరనే ధైర్యమే కదా ఇది అన్నాను. మా పిల్లల పీరియడ్లు తీసుకోవడానికి ఎవరు ఒప్పుకున్నారని బల్ల గుద్దాను. (గుద్దిన చేయి వారం దాకా స్పానర్ పట్టలేదు.) నలుగురైదుగురు చప్పట్లు కొట్టేసరికి ఇంకొంచెం గొంతు పెంచాను.

పెద్దసారు రిజిస్టర్ తెరిచి ఎడమ పేజీ చదివారు. వార్షికోత్సవం ముగిసేవరకు చివరి రెండు పీరియడ్లు నృత్య సాధనకు కేటాయించుటకు తల్లిదండ్రులందరూ ఏకగ్రీవంగా అంగీకరించడమైనది. తర్వాత కుడి పేజీ నావైపు తిప్పి, "ఈ తోక మీదే గద తమ్మీ?" అన్నారు. నాదే. రెండు చుక్కలతో సహా. కిటికీ బయట మా మేనకోడలు ఓణీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తీసుకుపోయిన కోపమంతా నా మీదకే తిరిగింది, పెట్టుకోవడానికి చోటు లేదు.

అప్పుడు వెనక వరుసలోంచి అవ్వ లేచింది. "అందరంటే నేను గూడ అచ్చినట్టేనా? నా ముద్ర ఏడున్నదో సూపియ్యి సారూ." సారు చూశారు. ఆమె పేరు ఎదురుగా ఖాళీ. అవ్వ గొంతు పెంచకుండానే చెప్పింది: "ఆట వద్దంటలే. గంట కొట్టినంక ఆడుండ్రి, నేను గూడ అచ్చి సూస్త. లెక్కలు ఇంట్ల ఎవలు చెప్తరు? నేను బీడీలు సుట్టుకుంట చెప్తనా?" హోటలు అన్న తల వంచుకున్నాడు. కాసేపు గొణుగుళ్లయ్యాక పెద్దసారు ఆ రాత కొట్టేసి, డాన్సు సాధన ఇక బడి వదిలాకే అని కొత్తగా రాసి, పైకి చదివి వినిపించారు. మొదటి ముద్ర అవ్వది. నేను ఈసారి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి పెట్టాను. వెనక వరుస విసుక్కుంది, నేను కదల్లేదు.

మా పిల్లకు సీటు వచ్చింది. నాకిప్పుడు సొంత షాపుంది, సంతకంలో తోక తీసేశాను. చదివి వినిపించకుండా సంతకాలు తీసుకునేవాళ్ల మీద కోపం మాత్రం పోలేదు. ఆ తోక మురిపెంగా గీసుకున్న పిల్లగాడు గుర్తొస్తే తిట్టబోయి నవ్వుకుంటాను. ఆ రోజు బస్టాండులో అవ్వ పక్కన కూర్చుని, చదువు రాకున్నా అంత మోసం ఎట్లా పట్టినవవ్వా అని అడిగాను. ఆమె కొంగుతో వేలి సిరా తుడుచుకుంటూ అంది:

"సదువు రానోళ్లం సదివి చెప్పుమని అడుగుతం బిడ్డా. నీ లెక్క సగం సదివినోళ్లే అడగరు."