మొదటి పేజీలో హంతకుడి పేరు

ఇండియన్ స్టోర్‌లో బిల్లు కట్టే చోట వక్కపొడి పొట్లాలు వేలాడుతుంటాయి. సోంపు, లవంగం, సెంటు కలిసిన ఆ తీపివాసన తగిలితే ఇప్పటికీ నాకు చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. అమెరికాలోని మోరిస్‌విల్‌లో, నా పన్నెండో ఏట, నేను ప్రాణంగా చదువుకున్న పుస్తకాలు ఆ వాసనే వేసేవి.

అవి ఒక ఇంగ్లండ్ రచయిత్రి రాసిన పోలీసు నవలలు, మొత్తం పద్నాలుగు. ఎప్పుడూ వాన కురిసే ఒక చిన్న రేవుపట్నం, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక సణుక్కునే ఒక ఇన్‌స్పెక్టర్, ఆయన కోటు జేబులో సగం తిన్న బిస్కెట్లు. వేసవి సెలవుల్లో, బయట పైన్ చెట్లు ఎండకి జిగురు కారుస్తుంటే, నేనూ దివ్యా లైబ్రరీ ఏసీ చలికి కాళ్ళు ముడుచుకుని, అరలకి వీపులానించి కార్పెట్ మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన జంతికలు చప్పుడు రాకుండా నోట్లో నానబెట్టుకుని తింటూ, ఆ వానలో తడిసేవాళ్ళం. దివ్యా వాళ్ళది మా అపార్ట్‌మెంట్స్‌లోనే పై అంతస్తు. ఆ నవలలు చదవడంలో నాకంటే ఎప్పుడూ రెండు పుస్తకాలు ముందుండేది.

ఐదో పుస్తకం మొదటి పేజీలో ఎవరో నల్లసిరాతో హంతకుడి పేరు రాసి, కింద గీత గీశారు. ఆరులోనూ అంతే, ఏడులోనూ అంతే. ఎంగిలివేలితో తిప్పి తిప్పి పేజీల మూలలు ఉబ్బిపోయి ఉండేవి, కుట్టు దగ్గర వక్కపొడి నలుసులు అంటుకునుండేవి. అదే రచయిత్రి రాసిన దయ్యాల కథల జోలికీ, ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు అక్కచెల్లెళ్ళ నవల జోలికీ మాత్రం ఎవరూ పోలేదు. హంతకుడు లేని పుస్తకంతో ఆ మనిషికి పనిలేదు.

తను చదివినప్పుడు పేజీ శుభ్రంగానే ఉందని దివ్య అంది. నాకది చాలింది. దాని దగ్గర నల్ల జెల్ పెన్ ఉంది. ఇన్‌స్పెక్టర్ దగ్గర నేర్చిన తెలివంతా వాడి, లైబ్రేరియన్‌కి దాని పేరు చెప్పాను. ఆవిడ దివ్య కార్డు ఆపేసింది. పార్కింగ్ లాట్‌లో వాళ్ళమ్మ అందరి ముందూ తిడుతుంటే దివ్య నాకేసి చూసి, "ఐ స్వేర్, నేను కాదే" అంది. చెప్పింది నేనేనని దానికప్పటికి తెలీదు.

వినాయక చవితికి ప్రసాదరావు అంకుల్ ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్. ఆదివారాలు మా పిల్లలందరికీ గుణింతాలు నేర్పేది ఆయనే. తప్పు రాస్తే కోప్పడకుండా చెయ్యి పట్టుకుని దిద్దించేవారు. ఉండ్రాళ్ళ ఆవిరి, పులిహోర పోపు, పట్టుచీరల రెపరెపల మధ్య నేను బాత్రూమ్ వెతుక్కుంటూ వెళ్తే, ఆయన తన గదిలో వక్కపొడి చప్పరిస్తూ, పదకొండో పుస్తకం మొదటి పేజీలో రాస్తున్నారు.

"మీరేనా అంకుల్, అన్నిట్లో రాసింది?"

ఆయన ఉలిక్కిపడలేదు. "ఎవరు చంపారో తెలిసిపోతే ఇంత లావు బుక్ చదవక్కర్లేదు కదమ్మా. అందరికీ టైమ్ సేవ్ అవుతుంది."

"దివ్య కార్డ్ కాన్సిల్ చేశారు. వాళ్ళమ్మ తిట్టింది."

"పిల్లలు రేపటికి మర్చిపోతార్లే. నువ్వెవరికీ చెప్పకు. పులిహోర తిన్నావా?" అని, వేలు నాలికకి అద్దుకుని పేజీ తిప్పారు.

అసహ్యమేసింది. అయినా వెళ్ళి పులిహోర పెట్టించుకుని తిన్నాను. కార్లో అమ్మకి చెబితే, "పెద్దాయన, మీకు ఫ్రీగా తెలుగు నేర్పిస్తున్నారు. ఊరుకో" అంది. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి, రాసింది దివ్య కాదని చెప్పాను. మరెవరని ఆవిడ అడిగితే తెలీదన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక, ఆయన మీదకంటే నా మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది.

కార్డు తిరిగొచ్చింది. దివ్యకి మాత్రం అంతా చెప్పాను, ఆయన పేరూ, నేను చేసిందీ. మెట్ల మీద కూర్చుని, "ఆయన సరే. నువ్వెందుకు చెప్పావ్ నా పేరు?" అంది. ఆ శీతాకాలమే వాళ్ళ నాన్న ప్రాజెక్ట్ మారి టెక్సాస్ వెళ్ళిపోయారు. తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆ లైబ్రరీలో ఆ అర లేదు, అక్కడ కంప్యూటర్లు పెట్టారు. పద్నాలుగు పుస్తకాలూ పాతబడ్డాయని తీసేశారట. కిందటి ఉగాదికి ఊళ్ళో తెలుగువాళ్ళంతా కలిసి, ఇంతమంది పిల్లలకి అక్షరాలు నేర్పినందుకు ప్రసాదరావు అంకుల్‌కి శాలువా కప్పారు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. అందరితోపాటు చప్పట్లు కొట్టాను.