బస్సులో నేను చెప్పిన రోగం

కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ పిల్లల సైకాలజిస్టని, ముందు సీటాయన పలకరించినప్పుడు తెలిసింది. కూతురు పక్కనుండగానే ఆయన అడిగాడు.

"మేడం, మా బిడ్డ మీతోని ఏం చెప్పింది? ఇంట్ల ఒక్క ముక్క మాట్లాడది."

"ఆమె మాట ఆమెనే చెప్తది సార్. జర ఆగున్రి."

గ్రంథాలయంలో మనస్తత్వ శాస్త్రం పుస్తకాలన్నీ చదివినవాణ్ని, నేను ఆగలేకపోయాను.

"గది డిప్రెషనే అన్నా. చేతి మీద బ్లేడు గీతలు కనబడ్తలేవా?"

ఆ పిల్ల చున్నీతో చెయ్యి కప్పుకుంది. తండ్రి చున్నీ లాగేశాడు. బస్సంతా వంగి చూసింది.

మేడం నన్ను లేపి, పిల్లను నా సీట్లో కూర్చోబెట్టుకుంది. "గీ ఆదివారం నాయినకు తనే చెప్తనన్నది," అంది నాతో, మెల్లగా.

జగిత్యాల దాకా ఆ పిల్ల మేడంతో కూడా మాట్లాడలేదు. పక్కనే నిలబడ్డ నాకు నా నోరంటేనే రోత పుట్టింది. మూడేళ్లయినా అది పోలేదు.