మా అన్న కంప్యూటర్‌ను నేను విప్పిన రోజు

మా అన్న ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు నాయన కొనిచ్చిన కంప్యూటర్ అది. చదువు రెండో ఏడాదిలోనే ఆగిపోయింది. కంప్యూటర్ మాత్రం మిగిలింది. నగరిలో మా ఇంటి ముందుగదిలో పగలంతా నాయనతో పాటు పవర్‌లూమ్ మగ్గాలు నడిపి, సాయంత్రమైతే అన్న తుపాకీ ఆటల ముందు కూర్చునేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆటలు బరువెక్కాయి, యంత్రం ముసలిదైంది. శత్రువు ఎదురుపడిన క్షణంలోనే తెర బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి ఆటలో అన్న చచ్చి పడి ఉండేవాడు. అప్పుడు సీపీయూ డబ్బాను కాలితో తన్నేవాడు. ఒక కీబోర్డును మోకాలికేసి విరిచాడు. ఒకసారి, టీ గ్లాసుతో వెళ్లిన నా చెంప పగలగొట్టాడు.

"నువ్వొచ్చినావు, నేను సచ్చినాను" అన్నాడు.

ఆ తర్వాతే నేను ఆటల గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఇష్టంతో కాదు, భయంతో. అతను మగ్గాల దగ్గర ఉన్నప్పుడు కూర్చుని, ఆటలో నీడలు, గడ్డి, పొగ అన్నీ తగ్గించి పెట్టేదాన్ని. తెర ఆగకపోతే ఆ పూటకు ఇల్లు నిమ్మళంగా ఉండేది. సరిగ్గా నడుస్తోందా అని ఆడి చూస్తూ, చూస్తూ నాకూ ఆట అంటుకుంది. అతనికంటే నేనే బాగా ఆడుతున్నానని తెలిసినా ఎవరికీ చెప్పలేదు.

సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక అక్కడే గది తీసుకున్నాను. సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. అన్న ఆశపడ్డ కొత్త యుద్ధం ఆట మా కంప్యూటర్‌లో తెరుచుకోనే లేదు. ఆ కోపంలో అతను మానిటర్‌ను గుద్దితే మూలన నల్లటి మరక పడింది. అమ్మ ఫోన్లో ఏడ్చింది.

"దానికి ఏందో ఒకటి సెయ్‌మ్మా. వాన్ని సూస్తే బయమైతా ఉండాది."

లోకల్ రైలెక్కి చెన్నై వెళ్లాను. వాడిన సామాన్లు అమ్మే వీధంతా తిరిగి ఒక గ్రాఫిక్స్ కార్డు, దానికి సరిపడా కరెంటు ఇచ్చే పవర్ సప్లై, ఇంకో ర్యామ్ కొన్నాను. యంత్రం వేగంగా నడిస్తే ఇంట్లో దెబ్బలు ఆగిపోతాయని నమ్మాను. అంతా బిగించాకే అన్నకు చూపిద్దామనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అతను బయటికి వెళ్లగానే డబ్బా విప్పాను. లోపల ఏళ్ల నాటి నూలు దుమ్ము. ఫ్యాన్ రెక్కలకు పోగులు చుట్టుకుపోయి ఉన్నాయి. ఇలా ఊపిరాడకపోతే యంత్రం మొరాయించదా అనిపించింది. అంతా తుడిచి, పవర్ సప్లై మార్చాను. గ్రాఫిక్స్ కార్డు మాత్రం పొడవెక్కువై పట్టలేదు. హార్డ్ డిస్క్ పెట్టే ఇనుప గూడు అడ్డమొచ్చింది. నాయన పనిముట్లలోంచి రంపం తెచ్చుకుని నేను ఆ గూడును కోస్తుంటే అన్న లోపలికి వచ్చాడు.

"ఎవుర్నడిగి ఇప్పినావు?"

"కొత్త కార్డు తెచ్చినానన్నా. రవ్వంత సేపు సుమ్మా ఉండు, నువ్వే సూస్తావు."

"నా దాన్ని కోసేస్తా ఉండావా? సంపాదిస్తా ఉండానని నాకు బిచ్చమేస్తావా?"

జుట్టు పట్టుకుని నా తలను గోడకేసి కొట్టాడు. ఒక్కసారి కాదు. ముందుగదిలో మగ్గాలు ఆడుతున్నాయి. అవి ఆడేటప్పుడు పక్కగదిలో అరిచినా వినపడదు. నేను కిందపడ్డాను. అతను డబ్బాను రెండు చేతులా ఎత్తి నా మీద వేశాడు. అడ్డం పెట్టిన ఎడమ చేయి మణికట్టు దగ్గర విరిగింది. అంత మోతలోనూ ఆ చప్పుడు నాకు వినిపించింది. మళ్లీ డబ్బా అందుకోవడానికి అతను వంగాడు. నా కుడి చేతికి స్క్రూడ్రైవర్ తగిలింది. బలమంతా పెట్టి అతని అరచేతిలో దించాను. ఎముకకు తగిలి ఆగింది. లాగి మళ్లీ ఎత్తాను.

"ఆడే ఉండు. దెగ్గిరికొస్తే కంట్లో పొడుస్తా."

అన్న వెనక్కి జరిగి గోడకు చేరగిలబడ్డాడు. అప్పటికే అతని చేతి నెత్తురు తెరిచి ఉన్న మదర్‌బోర్డు మీద కారింది.

ఎందుకో లోపలికి వచ్చిన నాయన మమ్మల్ని చూశాడు. వెళ్లి కర్ర తెచ్చి అన్నను వీపు మీద, భుజాల మీద కొట్టడం మొదలుపెట్టాడు. అన్న తిరగబడలేదు. పదేళ్ల వయసులో చేసినట్టే తలను మోకాళ్ల మధ్య దాచుకున్నాడు. చిన్నప్పుడు నేనూ అలాగే దాచుకునేదాన్ని. "సాలు నాయనా" అని అరిచాను. ఆయన ఆపలేదు. అమ్మ పరుగెత్తుకొచ్చి అన్న మీద పడ్డాక ఆగాడు.

అన్న చేతికి ఊళ్లోనే కుట్లు వేయించి, నన్ను ఆటోలో, విరిగిన ఎముకలకు కట్లు కట్టే పుత్తూరుకు తీసుకెళ్లారు. కట్టు కట్టే ఆయన ఎలా జరిగిందని అడిగాడు.

"బండి మింద నుంచి పడింది" అన్నాడు నాయన.

"కాదు. మా యన్న ఇరిచినాడు. నేను ఆయన్ని పొడిచినా" అన్నాను.

నాయన నా వైపు చూడలేదు.

పొడిచినందుకు బాధపడాలనుకున్నాను. పడలేకపోయాను. రెండోసారి పొడవలేదే అనే కసి చాలా రోజులు వదల్లేదు. దానికి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.

కట్టు విప్పాక కంప్యూటర్ నేను తీసుకుపోతానన్నాను. ఎవరూ కాదనలేదు. నాయనే దాన్ని అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, బస్సు దాకా మోసుకొచ్చాడు. సూళ్లూరుపేట గదిలో, నాతో ఉండే అమ్మాయి డబ్బాను కదలకుండా పట్టుకుంటే గూడును పూర్తిగా కోశాను. ఎండిన నెత్తురును స్పిరిట్‌తో తుడిచాను. కార్డు కూర్చుంది. ఆట ఎక్కడా ఆగకుండా నడిచింది.

కొన్ని నెలలకు అమ్మ అన్నను వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. తెర మీద ఆట నడుస్తోంది. అన్న దూరం నుంచే చాలాసేపు చూశాడు.

"బాగా పోతా ఉండాదే" అన్నాడు.

మౌస్ వైపు చేయి చాచాడు.

"ముట్టుకోవద్దు."

చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు. నేనంటే అతనికి భయమని అప్పుడు అర్థమైంది. ఒక్క క్షణం సంతోషమేసింది. అలాంటి సంతోషం అన్న ముఖంలోనూ, నాయన ముఖంలోనూ నేను చాలాసార్లు చూశాను.

"ఒక్క ఆట ఆడుకోనీలేమ్మా" అంది అమ్మ.

"లేదుమా. అందరం కూర్చోని అన్నం తిందాం. ఆట మాత్రం ఇయ్యను" అన్నాను.

కంప్యూటర్ ఆపేసి, మూడు కంచాలు పెట్టాను. అన్న తల దించుకుని తిన్నాడు. ఇంకొంచెం పులుసు పొయ్యమని అడిగితే పోశాను.