నడిగడ్డ వరదలో ఒక పాత కారు ఇంజను

మేము గద్వాల దాటి ఆ ఊరి బడికి చేరేసరికి మధ్యాహ్నం మూడు ఇరవై. సన్నటి వాన. నల్లరేగడి నేల. కాలు దిగితే చీలమండ దాకా పోతుంది, తీస్తే కాలు వస్తుంది, బూటు రాదు. నడిగడ్డ అంటే రెండు నదుల నడుమ నేల: ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర, రెండూ ఒడ్డు దాటి ఉన్నాయి. చుట్టుపక్కల మునగని ఎత్తు ఆ బడి ఒక్కటే. నాలుగు గదులు, ఒక వరండా, మూడు ఊళ్ల జనం.

వరద సాయానికి వచ్చిన సైనికులం, మేము పన్నెండు మందిమి. రెండు ట్రక్కులు, మూడు పడవలు. నేను బండ్ల మెకానిక్‌ను. నా సామాను ఒక టూల్ బాక్సు, రెండు జతల మేజోళ్లు. రెండు జతలూ తడిసే ఉన్నాయి. నేను ఇక్కడికి దగ్గరే, ఖిల్లా ఘణపూర్ కొండ కింద పుట్టినవాణ్ని కాబట్టి ఊరివాళ్లతో మాట్లాడే పని కూడా హవల్దారు నాకే అప్పగించాడు. అది ఎంత పొరపాటో ఆయనకు ఆ సాయంత్రమే తెలిసింది.

వరండాలో అందరికీ వండిపెడుతున్న నర్సమ్మ అడిగింది. నలభై ఏళ్ల మనిషి, కూలిపని చేసి గట్టిపడిన చేతులు.

"మంచు కొండలల్ల పొయ్యి ఎట్ల అంటుకుంటది సారూ?"

పొయ్యే అక్కర్లేదన్నాను. జీపు ఇంజను మీద గిన్నె పెడితే కొండ ఎక్కుతుండగా అన్నం ఉడుకుతుంది, దిగుతుండగా చల్లారుతుంది, అందుకే మా దళం ఆరు నెలలు ఎక్కుతూనే ఉందన్నాను.

ఆమె గరిటె ఆపింది. "అబద్ధమాడినా జర ఉడకబెట్టి ఆడు సారూ. మస్తు పచ్చిగున్నది."

వరండా అంతా నవ్వింది. ఆమె భర్త ఎల్లప్ప మాత్రం నవ్వలేదు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసి పోయాడు.

మూడో రోజు తెల్లవారుజామున ఐదు గంటలకు ట్రక్కులు రెండూ పడవలతో కింది ఊళ్లకు పోయాయి. బడి దగ్గర హవల్దారు, రేడియో ఆపరేటరు, నేను మిగిలాం. ఐదు యాభైకి ఎల్లప్ప వచ్చాడు.

"సారూ, నర్సమ్మ కండ్లు తెరుస్తలేదు. మాట గూడ ముద్దముద్దగ వస్తుంది."

చూశాను. మణికట్టు మీద సూదితో పొడిచినట్టు రెండు చుక్కలు. వాపు లేదు. కట్లపాము. వరదకు పొడినేల వెతుక్కుంటూ వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలామందికి తెలియను కూడా తెలియదు. ముందు రెప్పలు వాలతాయి. తర్వాత గొంతు పడిపోతుంది. తర్వాత ఊపిరి.

ఆపరేటరు రేడియోలో ట్రక్కును పిలిచాడు. రావడానికి రెండు గంటలన్నారు. అంబులెన్సుకు దారి తెగిపోయింది. గద్వాల దవాఖాన పద్నాలుగు కిలోమీటర్లు. మంచం మీద మోసుకుపోతే మూడు గంటల పైనే.

బడి వెనక ఆ ఊరి బసన్న కారు ఉంది. తెల్లది, పెట్రోలుది, ఇరవై ఏళ్లు దాటింది. పెళ్లిళ్లకు, దవాఖానలకు కిరాయికి తిప్పుతాడు. స్టార్టు చేశాడు. ఇంజను గుక్కపట్టిన పిల్లలా నాలుగుసార్లు ఊగి ఆగిపోయింది.

"రేసు మీంచి కాలు తీస్తే సచ్చిపోతది సారూ. రేసు పట్టుకుంటే నడుస్తది. మంచి రోడ్డు మీద ఫికర్ లేదు."

కానీ దారిలో వాగు ఉంది. దాని మీది వంతెన మునిగి ఉంది. మోకాలి కిందికి నీళ్లు, పక్క గోడలు లేవు, ఒకవైపు అంచు కొట్టుకుపోయింది. ఒక మనిషి ముందు నడుస్తూ కర్రతో దారి వెతకాలి. కారు అతని వెనకే ఆగుతూ, కదులుతూ పోవాలి. అంటే ఒక కాలు క్లచ్చుకు, ఇంకో కాలు బ్రేకుకు పోతుంది, రేసు మీంచి కాలు తీసినా ఇంజను నిలబడాలి. నీళ్లలో ఒక్కసారి ఆగితే సైలెన్సరు నీళ్లు పీలుస్తుంది, ఇక లేవదు.

"కిత్నా టైమ్?" అన్నాడు హవల్దారు.

"దస్ మినట్, సాబ్."

ఆరు పది. బానెట్ ఎత్తాను. ఒక్కొక్క ప్లగ్గు వైరూ పీకి చూశాను. ఏది పీకినా ఇంజను ఒకేలా బలహీనపడింది. అంటే తప్పు ఒక్క సిలిండర్‌లో లేదు.

"ఎప్పటి సంది గిట్లున్నది?"

"దసరా సంది సారూ. నాలుగు దినాలు."

"పండుగకు కడిగినవా?"

"కడగకుంట పూజెట్ల చేస్తరు? బానెట్ లోపల గూడ బిందెలతోని పోసి కడిగిన."

దొరికిందనుకున్నాను. కరెంటు పంచే డబ్బాలో నీళ్లు చేరి ఉంటాయి. మూత విప్పాను, తుడిచాను, పాయింట్లు గీకి సందు సరిచేశాను, వైర్లన్నీ ఆరబెట్టాను. స్టార్టు చేశాం. అదే గుక్క. మళ్లీ విప్పాను, మళ్లీ తుడిచాను. కడిగానన్న మాట చెవిలో పడ్డాక నాకు నీళ్లు తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఆరు నలభైకి హవల్దారు వచ్చి నిలబడ్డాడు. గడియారం చూసుకున్నాడు. ఎల్లప్ప వెనక సీట్లో నర్సమ్మ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మింగుతలేదు సారూ," అన్నాడు.

అప్పుడు ప్లగ్గు ఒకటి విప్పి చూశాను. కొన తెల్లగా ఉంది. ఆ పని మొదట్లోనే చేయాల్సింది. తెలుపంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. చోక్ లాగమన్నాను. ఇంజను కొంచెం కుదుటపడింది. ఎక్కడో గాలి దూరుతోంది. కార్బురేటరు చుట్టూ తడిగుడ్డ నొక్కాను. తేడా లేదు. వేలితో గొట్టాలు తడుముతూ పోయాను. ఇంజను నుంచి బ్రేకుకు పోయే లావు రబ్బరు గొట్టం అడుగున వేలికి బూడిద అంటింది. మెత్తటి బూడిద. మల్లెపూల వాసన.

బసన్నను చూశాను.

"ఊదుబత్తీలు ఏడ పెట్టినవ్?"

అతను గొట్టం వైపు చూశాడు. "ఏటేట అరటిపండుకు గుచ్చుతుంటి సారూ. ఈపాలి పండు దొరకలే. గాడ సందు కనబడ్తే ఐదు గుచ్చిన. దేవునికే పెట్టిన..."

గుత్తి ఒరిగి గొట్టాన్ని కాల్చింది. అడుగువైపు కందిగింజంత బెజ్జం. మా యూనిట్లోనూ ఆయుధ పూజకు తుపాకుల ముందు, బండ్ల ముందు ఊదుబత్తీలు వెలిగిస్తాం. ఇది నాకు తట్టాల్సిన విషయమే. కడిగావా అని అడిగాను. ఎక్కడ వెలిగించావని అడగలేదు.

టూల్ బాక్సులోంచి సైకిల్ ట్యూబు చీలిక తీసి బెజ్జం మీద చుట్టాను. ఇంజను దాన్ని తనే లోపలికి పీల్చి బిగించుకుంది. బసన్న కాలు తీశాడు. ఇంజను నిలబడింది. ఏడు ఐదు. పది నిమిషాల పని యాభై ఐదు నిమిషాలైంది. ఫ్యాను నీళ్లు చిమ్మకుండా బెల్టు తీసేశాను.

వాగు దగ్గరికి ఏడు ఇరవై. నర్సమ్మను నా ఒళ్లోకి మార్చి ఎల్లప్ప నీళ్లలోకి దిగాడు. కర్రతో పొడిచి చూస్తాడు, ఒక అడుగు వేస్తాడు. మేము ఆగుతాం, కదులుతాం. పదకొండుసార్లు ఆగాం. పదకొండుసార్లూ ఇంజను నిలబడింది. నర్సమ్మ ఊపిరి లెక్కపెడుతున్నాను. అవతలి ఒడ్డు ఎక్కేసరికి నిమిషానికి ఆరు. ఎల్లప్ప ఎక్కి కూర్చున్నాక బెల్టు వేయడానికి దిగి, మూడు నిమిషాల్లో తిరిగి వచ్చాను. మళ్లీ లెక్కపెట్టబోతే లెక్కకు ఏమీ రాలేదు. దవాఖాన దాకా నోటితో ఊపిరి ఊదుతూనే ఉన్నాను.

ఎనిమిది గంటలకు లోపలికి తీసుకుపోయారు. సూదులు వేశారు, ఊపిరికి గొంతులో గొట్టం పెట్టారు. ఎనిమిది నలభైకి డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"ఎంత ముందొస్తే బతుకుతుండె సార్?" అని అడిగాను.

"అట్ల లెక్కలు పెట్టకు," అన్నాడు.

నేను పెట్టాను. యాభై ఐదులోంచి పది తీసేస్తే నలభై ఐదు.

ఇంకో తొమ్మిది రోజులు డ్యూటీ చేశాం. పడవలు నడిపాం, బియ్యం మోశాం. తర్వాత సెలవు మీద వనపర్తిలో బస్సు దిగాను. వరదలో ఏం చూశావని దోస్తులు మీరందరూ చుట్టుముట్టారు. కృష్ణలో మొసలి నా పదహారో నంబరు స్పానరు మింగిందని, దాని పొట్ట మీద తడితే టంగుమని మోగిందని చెప్పాను. నవ్వారు. ఇప్పటికీ అదే చెప్పమని అడుగుతారు. ఇది మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

డాక్టరు లోపలికి పోయాక ఎల్లప్ప ఆవరణలోకి వచ్చాడు. కారు అక్కడే ఉంది. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనన్న భయంతో బసన్న ఇంజను ఆపలేదు. అది కుట్టుమిషన్‌లా, ఒక్క తడబాటు లేకుండా ఆడుతోంది. మోకాళ్ల దాకా తడిసిన పంచె పిండుకుని ఎల్లప్ప వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే విన్నాడు.

"బండి మంచిగైంది సారూ," అన్నాడు.

చెయ్యి తీశాడు. వేడి రేకు మీద ఐదు వేళ్ల తడి అచ్చు నిలిచింది. ముందు వేళ్లు ఆరాయి. అరచెయ్యి కొంచెం ఆలస్యంగా ఆరింది.