నయాపూల్ మీదుగా నారాయణఖేడ్

పరువు పోగొట్టుకోవడానికి లోకంలో పెళ్లిళ్లున్నాయి, పరీక్షలున్నాయి. నేను మాత్రం శవాల బండిలో, సొంత మేనమామ శవం సాక్షిగా పోగొట్టుకున్నాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మీ వాటా ఏడుపు కూడా నేనే ఏడ్చేశాను.

దావీదు మామది నారాయణఖేడ్ దగ్గర కంగ్టి. వానలు ముఖం చాటేసిన ఏడు కంది చేను వదిలేసి, అత్తమ్మను తీసుకుని హైదరాబాద్ వెళ్లి బిల్డింగుల పనిలో చేరాడు. ఆ పనిలోనే పైనుంచి జారిపడి చచ్చిపోయాడు. నారాయణఖేడ్‌లో జిరాక్స్ షాపు నడుపుకునే నాకు కంగ్టి నుంచి ఫోనొచ్చింది: "నువ్వే పోవాలెరా, పట్నం నీకే ఎరుక." ఎరుకే మరి! అక్కడ ఒక్క ఏడాది డిగ్రీ వెలగబెట్టి, ఫెయిలై వచ్చి, సుల్తానుల కాలంనుంచీ అక్కడే అద్దెకున్నవాడిలా ఖేడ్ అంతా కోతలు కోసింది నేనే కదా.

మూసీ ఒడ్డున పెద్ద దవాఖానలో మధ్యాహ్నానికి శవాన్ని అప్పగించారు. కంగ్టిలో గుంత తవ్వి పెట్టారు. వాన మొగులు పట్టింది, పొద్దు గూకకముందే రమ్మని ఒకటే ఫోన్లు. అత్తమ్మ వెనక పెట్టె పక్కన కూర్చుంది. నల్లగొండ నుంచి వచ్చిన డ్రైవర్ సెల్లులో మ్యాప్ తెరిచాడు.

"బంద్ చెయ్యన్నా. నేనుండంగ గదెందుకు? పురానాపూల్ మీదికెళ్లి పోదాం, జల్దీ అయితది" అన్నాను.

బండి కదిలింది, దానికంటే ముందు నా నోరు కదిలింది. వంతెన ఎక్కగానే చరిత్ర పొంగుకొచ్చింది.

"గీ వంతెన ఎందుకు కట్టిండ్రో ఎరుకనా? గీ శహర్ కట్టిన సుల్తాను వయసుల ఉన్నప్పుడు, ప్రేమించిన పిల్ల కోసం వరదల గుర్రమేసుకొని ఏరు దాటిండట. తండ్రి పరేషానై వంతెన కట్టిచ్చిండు."

"అన్నా, బోర్డు మీద నయాపూల్ అని ఉన్నది."

"పేరే కొత్తదన్నా. వంతెన పాతదే!"

ఇంతటి చరిత్రకారుడితో పాపం అతనేం వాదిస్తాడు? కాసేపటికి రంజాన్ బజారులో ఇరుక్కుపోయాం. అటు గాజుల బండ్లు, ఇటు అత్తరు సీసాలు, మధ్యలో చీమ దూరనంత జనం. డ్రైవర్ ఇంజన్ ఆపి, "అన్నా, గది చార్మినార్ కాదా?" అన్నాడు.

ఆ కట్టడం గురించి నాకు బోలెడు కథలొచ్చు. అప్పుడు మాత్రం షాపుల బోర్డులు చదవడం మొదలుపెట్టాను.

పోలీసు వచ్చాడు. "యాడికి పోవాలె?"

"నారాయణఖేడ్, సార్."

"నారాయణఖేడ్ చార్మినార్ ఎనకాలకి ఎప్పుడొచ్చింది?"

కోపంగా వెనక్కి తొంగిచూశాడు. అత్తమ్మను, పెట్టెను చూసి ఈల వేశాడు. బండ్లవాళ్లు జరిగారు. గాజులమ్మే ముసలాయన కిటికీలోంచి అత్తమ్మకు నీళ్లిచ్చాడు. తిప్పుకునే చోటు లేక చార్మినార్ దగ్గరిదాకా పోనిచ్చి, అక్కడ బండిని మళ్లించారు. అత్తమ్మ కిటికీ తెర పక్కకు జరిపి, అది కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంది.

ఆ తర్వాత దారంతా మ్యాప్‌లోని ఆడగొంతే మాట్లాడింది. అది "కుడివైపు తిరగండి" అన్న ప్రతిసారీ నా చెంప ఛెళ్లుమంది.

కంగ్టి చేరేసరికి వాన పడి వెలిసింది. మసక చీకట్లో చుట్టాలు గుంతలో నీళ్లు బక్కెట్లతో తోడుతున్నారు. మామ అన్న నా మీదికి వచ్చాడు.

"యాడ సచ్చినవ్‌రా గింతసేపు? పాస్టరు పొద్దటి సంది నిలబడ్డడు!"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అడ్డొచ్చింది.

"ఆన్నేమనకు బావా. నీ తమ్ముడు గన్నేండ్లు పట్నంల ఇటుకలు మోసిండు, ఒక్కనాడు చార్మినార్ సూడలే. ఎప్పుడడిగినా ఆదివారం పోదమనెటోడు. ఇయ్యాల ఇద్దరం సూసొచ్చినం."

బక్కెట్ పట్టుకున్నవాడెవడో కిసుక్కుమన్నాడు. అత్తమ్మకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. అందరం కలిసి మామను ఆ తడి మట్టిలోకి దించాం.

అందుకని, పాఠక మహాశయులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నాకు ఏ సుల్తానూ తెలియదు, ఏ వంతెనా తెలియదు. మా షాపు ముందు నిలబడి నారాయణఖేడ్ ఎక్కడని అడిగినా, పక్క షాపాయన్ని అడగమనే చెబుతాను.