తడి రంగు మీద కుంకుమ

1944వ సంవత్సరం. బెంగళూరు చిక్కపేటలో ఒక జవళి బట్టల అంగడి మేడ మీద నా స్టూడియో. మనుషుల ముఖాలను నూనె రంగుల్లో వేయడం నా వృత్తి. కింద వీధిలో, దండు అని పిలిచే కంటోన్మెంటు వైపు పోయే మిలిటరీ లారీల మోతకు ఈజిల్ అదిరేది. ఆ ఏడు వానలు పట్టుకుంటే వదల్లేదు. రంగు ఆరక నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు.

అప్పుడు నంజమ్మగారు కోడలు సరోజను వెంటబెట్టుకుని వచ్చారు. పట్టుచీరల వ్యాపారం వాళ్ళది. ఆమె కొడుకు రామచంద్ర మిలిటరీలో చేరి ఇటలీకి పోయాడు. అక్కడి బంగళాల్లో ఆడవాళ్ళ పటాలు చూశాడట. తాకితే వెచ్చగా ఉంటాయేమో అన్నట్టున్నాయి, సరోజను అట్లా వేయించి పెట్టండి, వచ్చి చూస్తాను అని ఇంటికి రాశాడట.

ఆ పటాల సంగతి నాకు తెలుసు. మా గురువు మద్రాసులో ఒక ఐరోపా దొర దగ్గర నేర్చుకున్నది ఆ పద్ధతే. పోయిన శతాబ్దంలో పారిస్, రోము అకాడమీల చిత్రకారులు ఏళ్ళ తరబడి తెల్లటి ప్లాస్టర్ విగ్రహాలను చూసి గీసి, చెయ్యి తిరిగాకే రంగు ముట్టుకునేవారట. బొమ్మ అద్దంలా నున్నగా ఉండాలి. బ్రష్ జాడ కనిపిస్తే పరువు పోయినట్టే. ముందు ముఖమంతా బూడిద రంగు వెలుగునీడలతో వేస్తారు, దాన్ని గ్రిసాయ్ అంటారు. అది ఆరాక గ్లేజ్‌లు, అంటే పలచని రంగు పొరలు, ఒకదాని మీద ఒకటి పరుస్తారు. ముఖంలోకి రక్తం వచ్చేది అప్పుడే. ఈ నియమాల్లో నేను వెంట్రుకవాసి తప్పేవాణ్ణి కాదు. నా వెనక అందరూ చాదస్తం అనుకునేవారు.

సరోజ ఒక్క సిట్టింగ్‌లోనూ కుదురుగా కూర్చోలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, చూపు గుమ్మం మీదికి పోయేది. రామచంద్ర దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైందట. ఎట్లాగో బూడిద పొర ముగించాను. బాగా కుదిరిందని గర్వంగా అత్తగారికి చూపించాను.

ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"ఏమప్పా ఇది? నా కోడలి నొసట బొట్టేది?"

"కడాన వస్తాదమ్మా. ఎరుపు ఇప్పుడేస్తే కింది పొరలో కలిసి చెడిపోతాది."

"చెడితే చెడనీ. ఈ ముఖం నాకు తెలుసప్పా. దినామూ అద్దంలో చూస్తా ఉండాను."

అప్పుడు చూశాను ఆమె నుదుటి వైపు, బొట్టు లేదు. భర్త ఎప్పుడో పోయినావిడ. ముఖాలు చూసి బతికేవాణ్ణి, అంతవరకూ అది నా బుర్రకు తట్టలేదు.

"నాలుగు దినాలు ఓర్చుకోండమ్మా. పద్ధతి అట్లుండాది."

"మా పిల్లోడు ఆడ గుండ్ల నడమ ఉండాడు. నువ్వు పద్ధతంటా ఉండావు!"

సరోజ లేచింది. తన సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, ఉంగరపు వేలు అద్ది, పటంలోని నుదుటి మీద అదిమింది.

"అన్నా, ఏమీ అనుకోవద్దు," అంది.

నా ప్రాణం ఉసూరుమంది. పొడి తడి నూనెకు అంటుకుని గరుకుగా నిలిచిపోయింది. వాళ్ళు వెళ్ళాక గీకేద్దామని కత్తి తీశాను. చెయ్యాడలేదు. శకునాలంటే నాకు నమ్మకం లేదు, అయినా భయమేసింది. దాని చుట్టూ జాగ్రత్తగా గ్లేజ్‌లు వేసుకుంటూ పోయాను. ముఖమంతా నున్నగా వచ్చింది, బొట్టు తప్ప.

మరుసటి ఏడు వాళ్ళింటికి టెలిగ్రాం వచ్చింది. రామచంద్ర యుద్ధంలో పోయాడు.

కొన్నాళ్ళకు నంజమ్మగారు ఒక్కరే, పటాన్ని పాత చీరలో చుట్టుకుని వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా సరోజ నొసట బొట్టు తుడిచేసినారప్పా. నేను చూస్తా నిలబడితిని. ఇప్పుడు పటం మీద కూడా ఉండకూడదంటా ఉండారు మావాళ్ళు. తీసేస్తావా?"

సన్న కత్తి, కాస్త నుదుటి రంగు ఉంటే చాలు, చిటికెలో అయ్యే పని. పటాన్ని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాను. ఆమె నన్నే చూస్తున్నారు.

"రాదమ్మా," అన్నాను.

"రాదా?"

"గీకితే నొసలే చినుగుతాది."

"పైన రంగు పూస్తే?"

"పూసినా ఎరుపు పైకి తేలుతాది."

నేనెక్కడ మనసు మార్చుకుంటానో అన్నట్టు ఆమె గబగబా పటాన్ని చుట్టేశారు. మెట్ల దగ్గర ఆగి, "ఎవరొచ్చి అడిగినా ఇదే చెప్పప్పా," అన్నారు.

వాళ్ళ బంధువు ఒకాయన నిజంగానే వచ్చాడు. "దొరల విద్య నేర్చినావంటారే, ఈ మాత్రం చేతకాదా?" అని పదిమందిలో నవ్వాడు.

ఇంకొకప్పుడైతే ఊరుకునేవాణ్ణి కాదు. చేతకాదన్నాను. వృత్తిలో కొన్నిసార్లు ఆ మాట కూడా అనాలని ఆ అత్తాకోడళ్ళ వల్లే నాకు తెలిసింది.